మంత్రగత్తె వంటిల్లు

జులై ఎండకి కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. అయినా మాల్ గుమ్మం ముందు వరస కట్టిన ఆడవాళ్లని చూస్తే అది జులై అని ఎవరూ అనుకోరు. ఒకావిడ చెవులకి సాలీళ్లు వేలాడుతున్నాయి. ఇంకొకావిడ నెత్తిన రెండు గుమ్మడికాయలు ఊగుతున్నాయి. వీపుకి గబ్బిలం రెక్కలు తగిలించుకున్నావిడ కుర్చీలో వెనక్కి వాలలేక, ముందుకి వంగి చల్ల కాఫీ తాగుతోంది. పిల్లలు దయ్యాల వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలడిగే హాలోవీన్ ఎక్కడో అక్టోబరు చివర్లో ఉంది. సీసాల్లో పోసిన హాలోవీన్ వాసన కొవ్వొత్తులు మాత్రం ఇవాళే కొట్లోకి వస్తున్నాయి. వీటికోసమే వీళ్లంతా వసంతం నుంచీ కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చున్నారు. మా ఒహాయోలో పిల్లలకో హాలోవీన్, వాళ్ల తల్లులకో హాలోవీన్. తల్లులది ముందొస్తుంది.

ట్వైలా హోస్టెట్లర్ మడత కుర్చీ వేసుకుని కూర్చుంది గానీ ప్రాణం కుర్చీలో లేదు. మామూలుగా అయితే ఈ పొద్దున ఆవిడదే రాజ్యం. ట్వైలా స్కూలు బస్సు నడుపుతుంది. చివరి సీట్లో ఎవరైనా నారింజపండు ఒలిస్తే వెనక్కి తిరక్కుండానే "నాకో తొన" అని అడిగే మనిషి. ఈ వరసలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ, అందరూ "ముక్కు" అనే అంటారు. కొత్త కొవ్వొత్తి వాసన సీసాలో చూడకూడదు, మూత తిప్పి మూతలో చూడాలి. అసలు ఘాటంతా మూతకే పడుతుంది. ఆ మూత ముందు ట్వైలా దగ్గరికి వెళ్లాలి. ఆవిడ కళ్లు మూసుకుని, "లవంగం. మాడిన పంచదార. వెనకాల ఎక్కడో తడిసిన చెక్క" అని తేల్చాక గానీ మిగతావాళ్లు ముక్కు పెట్టకూడదు. ఈ నియమం పెట్టింది ట్వైలా చెల్లెలు కొరీన్. కొరీన్‌తో వాదించే ఓపిక ఎవరికీ లేక అది అలాగే నిలబడిపోయింది.

ఇప్పుడొచ్చిన చిక్కల్లా ఆ ముక్కు పనిచెయ్యకపోవడమే.

ఫిబ్రవరిలో పట్టిన జలుబు పోతూ పోతూ వాసనలన్నీ మూటగట్టుకుని పోయింది. రొట్టె మాడి, వంటింట్లో పొగ గంట మొత్తుకుని, పక్కింటాయన వచ్చి తలుపు బాదాక గానీ ట్వైలాకి సంగతి తెలీలేదు. డాక్టరు ముక్కులోకి దీపం వేసి చూసి, "రావచ్చు, రాకపోనూ వచ్చు" అన్నాడు. ఈ మాత్రం చెప్పడానికి నేను చాలనా అనుకుంటూ ఇంటికొచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు. కొరీన్‌కి అసలే చెప్పలేదు.

కొరీన్ ఉండేది టొలీడోలో. పళ్ల డాక్టరు దగ్గర ఫోన్లెత్తే ఉద్యోగం. అమ్మ పోయాక భోజనాల బల్ల ఎవరిదన్న దగ్గర అక్కచెల్లెళ్లకి చెడింది. చివరికి బల్ల ట్వైలా ఇంటికి, దాని కుర్చీలు కొరీన్ ఇంటికి చేరాయి. దాంతో ఏ ఇంట్లోనూ మనిషి తిన్నగా కూర్చుని తిన్న పాపాన పోలేదు. ఏడాదిలో ఎక్కువ భాగం వాళ్ల ఫోను మాటలు "బాగున్నావా, బాగున్నా" దగ్గరే ఆగిపోతాయి. మే నెల వచ్చిందంటే మాత్రం కొరీన్‌కి పూనకం. ఈ ఏడాది మూతల మీద గబ్బిలాలట, ఒంటికి రాసుకునే క్రీము డబ్బా శవపేటిక ఆకారంలో ఉందట, ఎవరో గోదాములో పనిచేసే అమ్మాయి దొంగచాటుగా ఫొటో తీసి పెట్టిందట. రోజూ ఫోనే. ట్వైలాకి ఆ కబుర్లు ఎంత ఇష్టమంటే, ఏప్రిల్ నెలాఖరు నుంచే ఫోను జేబులో పెట్టుకు తిరుగుతుంది.

ఈసారి కబురు మామూలు కబురు కాదు.

"అక్కా, కూర్చున్నావా?"

"బస్సు డ్రైవర్నే నేను. పుట్టడమే కూర్చుని పుట్టా. చెప్పు."

"మంత్రగత్తె వంటిల్లు మళ్లీ వస్తోంది!"

మంత్రగత్తె వంటిల్లంటే కొరీన్‌కి పంచప్రాణాలు. కొవ్వొత్తుల కంపెనీవాళ్లు ఎప్పుడో మానేసిన వాసన అది. కొరీన్ చివరి సీసాని అడుగంటా వెలిగించేసి, ఖాళీ సీసాలో దూది పుల్లలు పోసుకుని, అప్పుడప్పుడూ ఆ పుల్లల్ని కూడా వాసన చూసుకునే రకం.

"అదే వాసన పోశారో, పాత పేరు పెట్టి ఏ వెనిలానో పోశారో," అంది కొరీన్. "వాళ్లకిది అలవాటేగా. ఈసారి మోసపోయానంటే నేనింక లేవలేనక్కా. నువ్వు చూసి అవునంటే అవును, కాదంటే కాదు. నీ ముక్కు ఉంది కాబట్టి బతికిపోయాను."

"ఉందిలే," అంది ట్వైలా. అప్పటికి మూడు నెలలుగా లేదు.

ఆ రోజునుంచీ పరీక్షకి చదివినట్టు దొంగచాటుగా చదివింది. కంపెనీవాళ్లు అచ్చేసిన వర్ణన బట్టీ పట్టింది: మగ్గిన యాపిల్, లవంగం, చలిమంట పొగ. పాత వాసన మీద తను అప్పట్లో చెప్పిన మాటలే గుర్తు తెచ్చుకుని మళ్లీ మళ్లీ అద్దం ముందు పలికింది. కళ్లు ఎంతసేపు మూయాలో కూడా సాధన చేసింది.

"ఏంటే ముక్కూ, అంత దిగాలుగా ఉన్నావ్?" ఇప్పుడు వరసలో పక్క కుర్చీలోంచి మార్లిస్ అడిగింది. మార్లిస్ రిటైరైన లైబ్రేరియన్. నేలమాళిగ నిండా కొవ్వొత్తులు దాచి ఒక్కటీ వెలిగించని మహాతల్లి. వెలిగిస్తే అయిపోతాయి కదా అంటుంది.

"ఎండ," అంది ట్వైలా.

"ఎండా గిండా ఏం కాదు, ఏకాగ్రత," అంది టొలీడో నుంచి తెల్లారేసరికే వచ్చేసిన కొరీన్, నెత్తిన మంత్రగత్తె టోపీ సర్దుకుంటూ. "అక్కని మాట్లాడించకండి. ఎవరూ పక్కన సెంటు కొట్టుకుని నిలబడకండి. మార్లిస్, నువ్వు ఆ చేపల శాండ్‌విచ్ పట్టుకుని దూరం జరుగు."

తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్లు పరిగెత్తలేదు, పరిగెత్తితే పరువు తక్కువ. అలాగని నడవనూ లేదు. ఆ రెంటికీ మధ్య ఒక నడక ఉంది, మోచేతులతో నడిచేది. కొట్టు గుమ్మంలోనే నల్లటి సీసాలు మెట్లుమెట్లుగా పేర్చి ఉన్నాయి, ప్రతి మూత మీదా ఇత్తడి గబ్బిలం, సీసా మీద వంకర అక్షరాల్లో "మంత్రగత్తె వంటిల్లు". కొరీన్ పైనున్న సీసా అందుకుని, మూత తీసి, రెండు చేతులా అక్కకి అందించింది.

ట్వైలా మూత ముక్కుకి ఆనించింది. కళ్లు మూసుకుంది. గాలి తప్ప ఇంకేమీ రాలేదు. మనసులో లెక్కపెట్టుకుని, మెల్లగా నవ్వింది.

"యాపిల్. బాగా మగ్గింది. దాని కింద లవంగం." కొంచెం ఆగింది. ఈ ఆగడం కూడా సాధన చేసిందే. "పొగ. అదేనే కొరీన్. అచ్చం అదే."

కొరీన్ మూత లాక్కుని మొహానికి అదుముకుంది. "అదే!" అంది, కళ్లల్లో నీళ్లతో. "అయ్యో దేవుడా, అదే. ఆ లవంగం చూడు, ఎలా కొడుతోందో!"

మూత చేతులు మారింది. గబ్బిలం రెక్కలావిడ పొగ కాస్త ఎక్కువైందంది. మార్లిస్ యాపిల్ పచ్చి యాపిలని ఒక చిన్న సవరణ చేసింది. చేతికందిన సీసాలు అందరూ సంకన పెట్టేసుకున్నారు.

ఊదారంగు పెదాల సేల్స్ అమ్మాయి అప్పుడే లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. "మేడమ్, మేడమ్, అవి తీయకండి! అవి ఊరికే గుమ్మంలో అందానికి పెట్టినవి. ఒట్టి మైనమే, వాసనేమీ ఉండదు. ఈ దీపాల వేడికి అసలైనవి పెడితే వాసన ఎగిరిపోతుందని. నిజంవి వెనక అరల్లో ఉన్నాయి."

గబ్బిలం రెక్కలావిడ సంకలో సీసాలు ఎవరి మొహమూ చూడకుండా ఒక్కొక్కటే తిరిగి పేర్చింది. మార్లిస్ మాత్రం, "నేను పచ్చి యాపిలని చెప్పానా లేదా," అని గొణిగి వెనక అరల వైపు మాయమైంది.

ట్వైలా తిన్నగా బయటికి నడిచి, ప్రెట్జెల్ అనే మెలికల రొట్టె అమ్మే కొట్టు ముందు బల్ల మీద కూలబడింది. కొరీన్ కాస్త ఆలస్యంగా వచ్చింది. ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో వెన్న రాసిన ప్రెట్జెల్ ఉన్నాయి. ఎంత పరువు పోయినా సరుకు వదిలేసి వచ్చే వంశం కాదు వాళ్లది.

"ఏంటక్కా అది?" అంది.

"ముక్కు పోయింది," అంది ట్వైలా. "ఫిబ్రవరిలోనే పోయింది. కాఫీ వాసన రాదు, సబ్బు వాసన రాదు, బస్సులో పిల్లలు ఏం తింటున్నారో తెలీదు. నీ మంత్రగత్తె వంటిల్లు ఎదురుగా కాలిపోయినా తెలీదు."

"ఫిబ్రవరిలోనా?" కొరీన్ టోపీ తీసి బల్ల మీద కొట్టింది. "అమ్మ బల్ల సంగతి నాకు వంద సార్లు చెప్పావు. ముక్కు పోయిన సంగతి ఒక్కసారి చెప్పలేకపోయావా? నేనేమైనా పరాయిదాన్నా?"

"నీకు నాతో ఉన్న పని ఈ ముక్కొక్కటే కదే," అంది ట్వైలా. ఇన్నాళ్లూ నోట్లో తిరుగుతున్న మాట, ఇంత తేలిగ్గా బయటికొస్తుందని తనే అనుకోలేదు. "అదీ పోయిందని తెలిస్తే మేలో కూడా ఫోను చెయ్యవేమోనని భయమేసింది."

కొరీన్ చప్పున కూర్చుంది. ఏదో గట్టిగా తిట్టబోయి మానుకుంది. ప్రెట్జెల్ విరిచి సగం అక్క చేతిలో పెట్టింది.

"మరి నా సంగతేంటి?" అంది చివరికి. "ఒట్టి మైనంలో లవంగం కొడుతోందని ఏడ్చాను. అక్కా, నాకెప్పుడూ ఏ వాసనా విడిగా తెలీలేదు. నువ్వు లవంగమంటే నాకు లవంగం వచ్చేది. నువ్వు మిరియమంటే మిరియం వచ్చేది. అసలు నాకు ముక్కుందో లేదో నాకే తెలీదు."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ట్వైలా నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

"సరే, సంచీలోది తియ్యి," అంది. "అది నిజందేగా?"

"నిజందే. ఆ పిల్లని రెండుసార్లు అడిగాను."

"చూడు మరి. నేను నోరు మూసుకుంటా."

కొరీన్ మూత తీసింది. తిప్పింది. దగ్గరికి తెచ్చి, మళ్లీ దూరం పెట్టి, అలవాటుగా అక్క మొహంలోకి చూసింది. ట్వైలా పైకప్పు వంక చూస్తోంది. ఇక తప్పక కొరీన్ కళ్లు మూసుకుని లోపలికి పీల్చింది.

"యాపిల్ ఉంది," అంది. "లవంగం... అవును, ఉంది. ఇది లవంగమే. కానీ ఇది అది కాదక్కా."

"ఎలా చెప్తున్నావ్?"

"ఇందులో కోటు లేదు."

"ఏ కోటు?"

"అమ్మ కోటు. గోధుమరంగుది, పెద్ద గుండీలది." కొరీన్ కళ్లు తెరవలేదు. "హాలోవీన్‌కి మంచు పడిన ఏడు. నువ్వు మంత్రగత్తెవి. వేషం మీద కోటు వేసుకోవాల్సిందేనని అమ్మ పట్టుబట్టింది, నువ్వు ఏడ్చావు, కోటేసుకుంటే మంత్రగత్తెనని ఎవరికి తెలుస్తుందని. నేను నాది ఇంట్లో మర్చిపోయాను. అమ్మ తన కోటు విప్పి నాకు తొడిగేసింది. నేల మీద ఈడ్చుకుంటూ నడిచాను. జేబులో లవంగం దగ్గు బిళ్లలు, కాలరంతా పొయ్యి పొగ. పాత సీసాలో అదుండేది. ఇందులో లేదు."

ట్వైలా పైకప్పు మీంచి చూపు దించింది. ఇన్నేళ్లుగా ఆ వాసనకి తను ఎన్ని పేర్లు పెట్టిందో, పంచదార, చెక్క, పొగ, అవన్నీ చెప్పి కోటు ఒక్కటీ చెప్పలేదు. తనకి తెలియనే లేదు. ఇప్పుడు ముక్కుకి ఏమీ తగలకపోయినా ఆ కోటు మాత్రం గుండీలతో సహా కళ్లముందుంది. అమ్మ చేతులు ముడుచుకుని, ఒట్టి స్వెటర్‌తో, ప్రతి గుమ్మం ముందూ మంచులో నిలబడి ఉంది.

"ఆ మూలింటావిడ నిన్నడిగింది," అంది ట్వైలా. "ఏం వేషమమ్మా నీదీ అని."

"మా అమ్మ వేషం అని చెప్పాను," అంది కొరీన్. ఈసారి ఏడుపు నిజంగానే వచ్చింది, దాచుకోలేదు. ట్వైలా చెల్లెలి చెయ్యి పట్టుకుంది. ఆ చేతికి ప్రెట్జెల్ వెన్న అంటుకుని ఉంది, ఎవరూ పట్టించుకోలేదు.

కాసేపటికి కొరీన్ ముక్కు చీదుకుని సీసాకి మూత పెట్టింది.

"వెనక్కిచ్చేస్తావా?" అంది ట్వైలా.

"నీకేమైనా పిచ్చా? మూత మీద గబ్బిలం ఉంది." సంచీలో ఇంకా ఏవేవో గలగలమన్నాయి. "శవపేటిక క్రీము కూడా తెచ్చాను. ఆదివారం మీ ఇంటికొస్తా. అన్నీ బల్ల మీద పెట్టుకుని ఒక్కొక్కటే చెప్తాను, ఏది దేని వాసనో. తప్పు చెప్తే దిద్దు."

"నేనెలా దిద్దుతానే, నా మొహం?"

"ఇన్నాళ్లూ ఎలా దిద్దావో అలాగే." కొరీన్ లేచి టోపీ పెట్టుకుంది. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "కూర్చోడానికి కుర్చీలు కూడా తెస్తా. రెండే తెస్తాను, ఆశపడకు."