ఎడమ వైపు అక్షరాలు

పెళ్ళయిన రెండు నెలలకి కొత్త కోడలు నోరు తెరిచి ఒక కోరిక కోరింది. ఆదివారం ఇంటిల్లిపాదీ విమానాశ్రయానికి రావాలి. లోపలికి కాదు, కంచె బయటున్న గుట్ట మీదికి. అక్కడ కూర్చుంటే వచ్చే విమానాలూ పోయే విమానాలూ కళ్ళ ముందే దిగి లేస్తాయి.

“ఎక్కేది లేదు, దిగేది లేదు, ఎవరో ఎక్కి తిరుగుతుంటే చూడ్డానికి మనం బస్సెక్కి పోవాలా?” అంది అత్తగారు. అంటూనే నాలుగు డబ్బాల్లో భోజనం సర్దేసింది. ఆవిడ సణుగుడు ఆవిడ చేతులకి ఎప్పుడూ అడ్డం రాదు.

కోడలిని ఇంట్లో ఎవరూ పేరుతో పిలవరు. ఆమె విమానాలకి రంగులు వేసే షెడ్డులో పనిచేస్తుంది. పరంజా ఎక్కితే భోజనం గంట కొట్టినా దిగదని తోటివాళ్ళు ‘పిచ్చుక’ అని పేరు పెట్టారు. పెళ్ళికొచ్చి అందరి ముందూ అలాగే పిలిచారు. మొగుడికి ఆ పేరు తెగ నచ్చింది. మూడో రోజుకల్లా అత్తగారి నోటికీ అలవాటైపోయింది. మామగారు మాత్రం “అమ్మాయ్” అంటారు, అదీ అవసరముంటేనే.

ఆ ఆదివారం ప్రత్యేకత ఏమిటంటే, పిచ్చుక మొట్టమొదటిసారి తన చేత్తో అక్షరాలు వేసిన విమానం మధ్యాహ్నం ఒంటిగంటకి దిగబోతోంది. నాలుగేళ్ళుగా ఆమె పని పాత రంగు గీకడం, ఉప్పుకాగితంతో రుద్దడం, ఇతరులు వేసే గీతలకి టేపు అంటించడం. ఈసారి ఎడమ వైపంతా ఆమెకి అప్పగించారు. కంపెనీ పేరులో ఆరు అక్షరాలు, తెల్లటి ఒంటి మీద ముదురు నీలం, ఒక్కోటీ మనిషెత్తు. కుడి వైపు పెద్దమేస్త్రి వేశాడు. ఆయనకి ఆ షెడ్డులో ఇరవై రెండేళ్ళ అనుభవం.

ఇక మామగారి సంగతి. ముప్పై అయిదేళ్ళు దుకాణాల బోర్డులు రాసిన మనిషి ఆయన. ఆయనతో బజారుకి వెళితే పావుగంట దారి గంట పడుతుంది. ప్రతి బోర్డు ముందూ ఆగి దానికి మొహం మీదే చీవాట్లు పెడతారు. కొడుకు పెళ్ళినాడు హాలు గుమ్మం మీద పేర్లు వంకరగా ఉన్నాయని కుర్చీ ఎక్కి సర్దుతూ ఉండిపోయారు. కుటుంబం ఫోటోలో ఆయన లేరు. మెచ్చుకోవడం ఆయన ఒంట్లోనే లేదు. కొడుకు పుట్టినప్పుడు ఎత్తుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, “ఫరవాలేదు” అన్నారట. అత్తగారు ఇప్పటికీ దెప్పుతుంది.

కోడలి పని గురించి ఆయన ఒక్కసారే మాట్లాడారు. “టేపు అంటిస్తారు, గన్ను పట్టుకుని పిచికారీ కొడతారు. అందులో చేతి పనితనం ఏముంది?” అన్నారు. పిచ్చుక నవ్వేసి ఊరుకుంది గానీ ఆ మాట పంటికింద రాయిలా ఉండిపోయింది. ఇవాళ ఆయన తన అక్షరాలు చూడాలి. చూసి ఒక్క మాట అనాలి. “ఫరవాలేదు” అన్నా చాలు, ఆ మాట మీద ఆమె ఏడాది బతికేస్తుంది.

గుట్ట మీద అప్పటికే పదిమంది చేరారు. మడత కుర్చీలు, పొడుగు కెమెరాలు, నీళ్ళ సీసాలు. రిటైరైన లెక్కల మాస్టారొకాయన దిగిన ప్రతి విమానం నంబరూ పుస్తకంలో ఎక్కిస్తున్నారు. పిచ్చుక మొగుడిది కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం. యజమాని కాళ్ళావేళ్ళా పడి అరువు తెచ్చిన బైనాక్యులర్ మెడలో వేసుకుని సేనాధిపతిలా నిలబడ్డాడు.

“ఏ విమానం కోసం వచ్చారు బాబూ?” అని అడిగారు మాస్టారు.

“మా ఆవిడ విమానం కోసమండి.”

మాస్టారు కలం ఆపారు. “సొంతమా?”

“ఎడమ వైపు మాత్రమే.”

పిచ్చుక మొగుడి వీపు మీద ఒక్కటి వేసింది. వేసిన చెయ్యి తియ్యడం మర్చిపోయింది. అత్తగారు అది చూసి, చూడనట్టు ఆకాశం కేసి తల తిప్పుకుంది.

పొద్దుటంతా విమానాలు కుడి చేతి వైపు నుంచి ఎడమకి దిగుతున్నాయి. అలా దిగితే గుట్ట మీద వాళ్ళకి వాటి ఎడమ వైపు కనబడుతుంది. పిచ్చుక లెక్కంతా దాని మీదే. ఈలోగా ఆమెకి ప్రతిదీ ముద్దుగానే ఉంది. విమానం కన్నా ముందే దాని నీడ గడ్డి మీద పరిగెత్తుకుంటూ రావడం, చక్రాలు నేలని తాకగానే చిన్న పొగ లేవడం, అంత లావు విమానమూ దిగాక బుద్ధిమంతుడిలా మెల్లగా నడిచిపోవడం. మామగారు మాత్రం ప్రతిదాని పేరూ చదివి తీర్పు చెబుతున్నారు. “దీని మొదటి అక్షరం మెడ నొప్పి వచ్చినట్టుంది.” “దీనికి నడుం లేదు.” మాస్టారు సరదాకి ఆ తీర్పులు కూడా నంబర్ల పక్కన రాసుకోవడం మొదలుపెట్టారు.

ఒంటిగంట కావస్తుంటే డబ్బాలు విప్పారు. పిచ్చుక రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతూ రన్‌వే పక్కన కర్రకి కట్టిన గాలిసంచి కేసి చూసింది. పొద్దున ఒక పక్కకి ఊగినది ఇప్పుడు రెండో పక్కకి తిరిగి నిండుగా ఉబ్బి ఉంది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“గాలి మారిందండోయ్,” అన్నారు మాస్టారు ఎవరితోనో. “ఇక అటునుంచి దిగుతాయి. విమానం ఎప్పుడూ గాలికి ఎదురే దిగాలి.”

అంటే ఇప్పుడు ఎడమ నుంచి కుడికి వస్తుంది. అంటే గుట్టకి కనబడేది పెద్దమేస్త్రి వైపు. పిచ్చుక ఆ మాట చెబుదామని నోరు తెరిచేలోపే మొగుడు లేచి నిలబడ్డాడు. “అదుగో, అదుగో! నాన్నా, పట్టుకో!” అని బైనాక్యులర్ తండ్రి చేతిలో పెట్టాడు.

తెల్లటి విమానం తోక వంచి దిగింది. నీలం అక్షరాలు ఎండలో ఒక్కొక్కటే వచ్చి వెళ్ళాయి. మామగారు కదల్లేదు. అది చక్రాల మీద నిలదొక్కుకుని, నెమ్మదించి, మలుపు తిరిగేదాకా చూసి బైనాక్యులర్ దించారు.

“బాగుంది,” అన్నారు.

అత్తగారి చేతిలో డబ్బా మూత గడ్డిలో దొర్లింది. “ఏవన్నారూ?”

“బాగుంది అన్నాను. అక్షరం తిన్నగా నిలబడింది. గీతల బరువు సరిపోయింది.”

“ఒరేయ్, మాస్టారిని అడిగి తారీకు రాయించరా,” అంది అత్తగారు. మొగుడు పిచ్చుక భుజం చుట్టూ చెయ్యి వేసి ఊపేశాడు. మాస్టారు కలం మూసి ఆమెతో చెయ్యి కలిపారు.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ ఇంట్లో వినబడని మాట అది. కాళ్ళ దగ్గరికి వచ్చి పడింది. వంగి తీసుకుంటే ఎవరికీ తెలియదు. పెద్దమేస్త్రి వచ్చి అడగడు, విమానం నోరు విప్పదు. కానీ ఆ మాట తనదనుకుని రాత్రి పడుకుంటే నిద్ర ఎలా పడుతుంది? పరాయివాళ్ళ చీర కట్టుకున్నట్టు ఒళ్ళంతా దురద పెట్టదూ?

“మామయ్యగారూ, అది నా వైపు కాదండి. గాలి మారింది. మీరు చూసింది పెద్దమేస్త్రి వేసినది.”

భుజం మీద మొగుడి చెయ్యి ఆగిపోయింది. అత్తగారు మూత తుడుస్తూ ఉండిపోయింది. మామగారు కోడలి మొహంలోకి చూశారు, ఆమె వచ్చాక మొదటిసారి చూస్తున్నట్టు.

“మరి నీ వైపు ఎక్కడ కనబడుతుంది?”

మాస్టారే జవాబు చెప్పారు. గంటలో అది మళ్ళీ బయల్దేరుతుంది. షెడ్ల వెనక దారిన వెళుతుంది కనక గుట్టకి కనబడదు. అవతలి కంచె దగ్గరికి వెళితే, రన్‌వే చివర తిరిగి నిలబడినప్పుడు ఎడమ వైపు నిండుగా కనబడుతుంది. కింద రోడ్డు మీద చుట్టూ తిరిగే బస్సు ఉంది.

“లేవండి,” అన్నారు మామగారు.

“అన్నం మధ్యలోనా?” అంది అత్తగారు.

“డబ్బాలకి మూతలున్నాయిగా.”

బస్సులో పిచ్చుక మొగుడి చెవిలో అసలు భయం బయటపెట్టింది. “నాది మేస్త్రి వైపులా ఉండదండి. తేడా చేశాను.”

“ఏం తేడా?”

“మూడోదీ నాలుగోదీ రెండూ గుండ్రటి అక్షరాలు. డ్రాయింగులో అన్ని సందులూ సమానం. అలాగే గీసి, పరంజా దిగి దూరం నుంచి చూస్తే ఆ రెంటి మధ్యా బండి పట్టేలా కనబడింది. డ్రాయింగు వాళ్ళని బతిమాలి, సంతకం పెట్టించుకుని, మూడు వేళ్ళు దగ్గరికి జరిపాను. మేస్త్రి తన వైపు అప్పటికే వేసేశాడు. ‘రెండు పక్కలా ఒకేసారి నిలబడి చూసేవాడు ఇంకా పుట్టలేదులే’ అన్నాడు.”

మొగుడు ముందు సీట్లో కూర్చున్న తండ్రి తలకాయ కేసి చూశాడు. “పుట్టాడు,” అన్నాడు నెమ్మదిగా. “అటు చూశాడు, ఇప్పుడు ఇటు చూడబోతున్నాడు.”

అవతలి కంచె దగ్గర నీడ లేదు, గుట్ట లేదు, సరుకు లారీలు ఆగే ఖాళీ జాగా మాత్రం ఉంది. కానీ రన్‌వే చివర రాయి విసిరితే తగిలేంత దగ్గర. పావుగంట ఎండలో నిలబడ్డాక తెల్లటి విమానం షెడ్ల మధ్య నుంచి నడిచి వచ్చింది. మొదట మళ్ళీ పెద్దమేస్త్రి వైపే కనబడింది. పిచ్చుక కంచె తీగ గట్టిగా పట్టుకుంది. విమానం చివరిదాకా వెళ్ళి, ముక్కు తిప్పి, రన్‌వే ఎక్కి ఆగింది. ఎడమ వైపు ఆరు అక్షరాలూ ఎండలో ఎదురుగా నిలబడ్డాయి.

మామగారు బైనాక్యులర్ కొడుక్కి ఇచ్చేసి, ఒక కన్ను మూసి, బొటనవేలు చాచి గాల్లో కొలిచారు. దుకాణాల ముందు ఎప్పుడూ అలాగే కొలుస్తారు. ఇంజన్లు హోరెత్తాయి. అత్తగారు చెవులు మూసుకుంది. విమానం కదిలి, పరుగందుకుని, లేచి, చుక్కయ్యేదాకా ఆయన బొటనవేలు దించలేదు.

“మూడుకీ నాలుగుకీ మధ్య సందు తగ్గించావు.”

“అవునండి.”

“ఎందుకు?”

“సమానంగా కొలిస్తే కంటికి ఎడంగా ఉందండి. మొన్నామధ్య మందుల షాపు బోర్డు ముందు నిలబడి మీరన్నారు, గుండ్రటి వాటిని పక్కపక్కన పెడితే కొలబద్ద నమ్మకూడదని. ఎవరితో అన్నారో తెలీదు గానీ, నేను పక్కనే ఉన్నాను.”

ముప్పై అయిదేళ్ళుగా బోర్డుల ముందు నిలబడి అలాంటి మాటలు ఎన్ని అన్నారో మామగారికే తెలియదు. పక్కనున్నవాళ్ళు ఎవరూ ఆగి విన్నది లేదు.

“షెడ్డుకి ఎప్పుడు వెళతావు?”

“రేపు పొద్దున్నేనండి.”

“ఆ మేస్త్రికి చెప్పు. ఈసారి విమానం వచ్చినప్పుడు కుడి వైపు చెరిపి నీ వైపులా సరిచెయ్యమను.”

“అయ్యో, మీరు బాగుందన్నారు కదండీ దాన్ని.”

“అన్నాను. ఇది చూడకముందు.”

“ఆయన నాకు మేస్త్రి. నేనెలా చెప్పనండి?”

“నువ్వు కాకపోతే ఎవరు చెబుతారు? నన్ను లోపలికి రానివ్వరుగా. రానిస్తే నేనే వచ్చి చెబుతాను.”

అత్తగారు పక్కకి తిరిగి పైటతో కళ్ళొత్తుకుంది. “ఎండ,” అని ఎవరూ అడక్కుండానే చెప్పింది. లారీల నీడలో కూర్చుని మిగిలిన అన్నం తిన్నారు. చల్లారిపోయిన ఆ అన్నంలో అంత రుచి ఉంటుందని పిచ్చుక ఎప్పుడూ అనుకోలేదు.

తిరుగు బస్సులో మామగారికి కిటికీ పక్క సీటు దొరికింది. పక్కన బుట్టతో పండ్లమ్మే ఆవిడ కూర్చుంది. ఆవిడ అడగలేదు, కనీసం ఇటు తిరగలేదు.

“ఇందాక నీలం అక్షరాల విమానం లేచింది చూశావామ్మా? అది మా కోడలు రాసింది. ఒక్కో అక్షరం ఏడడుగులు.”

వెనక సీట్లో మొగుడు పిచ్చుకని మోచేత్తో పొడిచాడు. “ఏడా?”

అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. పిచ్చుకకి ఆ కొలత నిద్రలో లేపి అడిగినా తప్పదు. అర అంగుళం తేడా వస్తే టేపు పీకి మళ్ళీ అంటించే మనిషి ఆమె.

“ష్,” అంది మొగుడి చెయ్యి నొక్కి. “చెప్పనివ్వండి.”

ముందు సీట్లో మామగారు చేతులు చాచి, ఏడడుగులు చాలక, ఇంకాస్త చాచి చూపిస్తున్నారు.