బావ కోటుకి ఒక బొత్తం తక్కువ

ఈ పొద్దున్న ఓడ నన్ను నా ఈలతో పిలుస్తోంది.

మేక పాలు పితుకుతున్నాను. చెంబు కింద పెట్టి, మేకకి చెప్పి, కొండ దిగుతాను.

మా దీవులు అట్లాంటిక్ సముద్రంలో ఉన్నాయి. ఇక్కడ తెలుగు ఎందుకని ఏ ఓడవాడూ అడగలేదు, అందుకని మాకూ తెలీదు. మా లోయలు లోతు. కేక అవతలి గట్టు చేరేలోపు ముసలిదైపోతుంది. ఈల చేరుతుంది. అందుకే మాలో ప్రతి మనిషికీ రెండు పేర్లు. నోటి పేరు ఎవరైనా పిలవొచ్చు. ఈల పేరు అయినవాళ్లకే తెలుసు. దానికి అక్షరం లేదు. ఒకరి నోట్లోంచి ఒకరి చెవిలోకి పోవాల్సిందే. తన ఈల విన్నవాడు ముందు వస్తాడు, ఎందుకని తర్వాత అడుగుతాడు. రానివాడు ఇంకా పుట్టలేదు.

దీవికి కూడా ఒక ఈల ఉంది. తాత నాకు నేర్పాడు. నేర్పి, ఎప్పుడూ వెయ్యకురా అన్నాడు. ఎందుకని అడిగాను. పిలిస్తే వస్తుంది కదా, అన్నాడు.

దారంతా ఎండ. మొదటి ఓడవాళ్లు మా రాళ్లమీది నాచు అడిగారు. దాంతో వాళ్ల దేశంలో బట్టలకి ఊదారంగు వేస్తారట. గీక్కుపొమ్మన్నాం. అప్పట్నుంచి మా రాళ్లకి రంగు లేదు, వాటి వెనక ఎవరు నిలబడ్డారో కనపడిపోతుంది. రెండో ఓడవాళ్లు మర్యాదస్తులు. ఒక జత కుందేళ్లు బహుమానం ఇచ్చారు. అవి గడ్డి తిన్నాయి, చెట్లు తిన్నాయి, అవీ అయిపోయాక నీడలు మేశాయి. ఇప్పుడు మాకు పొద్దల్లా మిట్టమధ్యాహ్నమే.

మూడో ఓడ గరగయ్యని తీసుకెళ్లింది. గరగయ్య నా చెల్లెలు సింగారమ్మ మొగుడు. తీసుకెళ్లింది అనకూడదు, నవ్వుకుంటూ తనే ఎక్కాడు. "నీకు ఇనుప సూది తెస్తానే," అన్నాడు దానితో. మేం చేపముల్లుతో కుట్టుకునేవాళ్లం. అప్పటికి సింగారమ్మ నీళ్లోసుకుని ఉంది.

పెళ్లినాడు, బట్టలు పెట్టినట్టు, మా వాళ్ల ఈలలన్నీ గరగయ్య చెవిలో పెట్టాం. దీవిలో అందరూ చుట్టాలే కాబట్టి అందరివీ పెట్టాం. నాది పెట్టింది నేనే.

ఈ పొద్దున్న నా ఈలకంటే ముందు సింగారమ్మ ఈల వినపడింది. మొగుడి ఊపిరి దానికి తెలుసు. మొహం కడుక్కుని, జడ అల్లుకుని పరిగెత్తింది. పోతూపోతూ కూతురికి ఒక మాట చెప్పింది. గుహలోనే ఉండవే ముత్యాలూ, నీ ఈల వినపడితేనే రా.

రేవులో కామయ్య నీళ్లమీద నడుచుకుంటూ ఓడకేసి పోతున్నాడు. చేతిలో కొరికిన ఉల్లిపాయ ఉంది.

"ఎందుకో కనుక్కుని వచ్చేస్తా. పొయ్యి మీద కూడు కాస్త చూస్తుండన్నా," అంటాడు.

అతని తమ్ముళ్లు ముందే పోయారు. వాళ్ల వెనక వాళ్ల ఆడవాళ్లు. ఓడ మునగదు. మనిషి ఎక్కినప్పుడల్లా లోపల గది కొంచెం పొడుగవుతుంది. కామయ్య లోపలికి పోతాడు, ఉల్లిపాయ బయటే ఉండిపోతుంది.

బావ గరగయ్య అల విరిగేచోట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అలలు అతన్ని చుట్టి పోతున్నాయి. ఒంటిమీద నల్లకోటు, బొడ్డునుంచి గొంతుదాకా బొత్తాలు. చుట్టూ సీసాలు. ఒక్కో సీసాలో ఒక్కో ఈల ఊది బిరడా బిగించి పెట్టుకున్నాడు. నా సీసా ఖాళీగా పడి ఉంది.

"వచ్చావా బావా," అంటాడు.

"పిలిచావుగా."

"ఊరికే విప్పాను. నిన్ను ఈ ఓడవాళ్లు తీసుకోరు. వయసు తెలియడానికి పశువుకి చూసినట్టు పళ్లు చూస్తారు."

"నీ పళ్లు చూశారా?"

నవ్వుతాడు. పాత నవ్వే.

"బొత్తాలు బాగున్నాయి. ఇదెవరు?" అంటాను, పొట్ట దగ్గరది చూపించి.

"కామయ్య."

"ఇది?"

"కామయ్య పెళ్లాం. మనిషికి ఒక బొత్తం ఇస్తారు. మాట తప్పరు, ఆ సంగతి మాత్రం చెప్పుకోవాలి."

"మా చెల్లెలు?"

గుండెమీది బొత్తం తడుముకుంటాడు. "అదే మొదటిది. పక్కన పెట్టలేదు బావా నేను దాన్ని. గుండెమీదే పెట్టుకున్నాను."

నాకు మాటలు తక్కువ. ఉన్నవాటిలో కూడా ఎక్కువ ఇతనికే ఇచ్చేశాను.

గొంతు దగ్గర ఒక బొత్తం లేదు. కాజా తెరుచుకుని ఉంది. బావ దాన్ని వేళ్లతో మూసుకుంటాడు.

"ఇక్కడ్నుంచి గాలి దూరుతోంది," అంటాడు. "నాకు కూతురుందట కదా. నేను పోయాక పుట్టింది, దాని ఈల నాకు తెలీదు. కన్నకూతురి ఈల తెలీని తండ్రి ఉంటాడా? నువ్వే చెప్పు."

"తల్లిని అడగలేకపోయావా?"

"అడిగాను. మూతి కుట్టేసుకుంది." ఓడకేసి చూస్తాడు. "నేను తెచ్చిన సూదితోనే."

ఓడమీద సింగారమ్మ కనపడుతోంది. జడ ఊడలేదు. కుట్టు సన్నగా, వరసగా ఉంది. దాని చేతిపని ఎప్పుడూ బాగుంటుంది.

బావ ఖాళీ సీసా ఒకటి నా నోటి దగ్గర పెడతాడు. అతని కళ్లలో నీళ్లు నిజమైనవే. పెళ్లినాడు కూడా నిజమైనవే.

"మేనమామవి. నీకు తెలీకుండా ఉండదు," అంటాడు.

తెలుసు. ముత్యాలు పుట్టిననాడు దాని చెవిలో ఊదింది నేనే. పొట్టి ఈల, చివర పైకి లేస్తుంది.

సీసాలో తాత నేర్పిన ఈల ఊదుతాను. బావ గట్టిగా బిరడా బిగిస్తాడు, నా రెండు చేతులూ కళ్లకద్దుకుంటాడు.

"గాలి తిరిగింది. నడిసముద్రంలోంచి పిలుస్తాలే. అంతదూరమైనా వస్తుంది," అంటాడు.

"వస్తుంది," అంటాను.

వెనక్కి కొండ ఎక్కుతాను. బావ ఎక్కిన ఓడ చేపంత అవుతుంది, తర్వాత చేపముల్లంత. అప్పుడు బావ సీసా విప్పుతాడు.

నా కాళ్లకింద మట్టి చెవి రిక్కిస్తుంది. దీవి లేస్తుంది. మడుగులోంచి గేదె లేచినట్టు, ముందు వెనకకాళ్లు, తర్వాత ముందరికాళ్లు. పొట్టకింద నుంచి నీళ్లు కారుతున్నాయి. పాలచెంబు ఒరగకుండా మేక కాలు అడ్డం పెడుతుంది. దీవి నడుస్తుంది. సముద్రం దానికి మోకాలి లోతు.

ఓడవాళ్లు తెరచాపలన్నీ ఎత్తుతారు. దీవి తొందరపడదు. ఓడకి ఎదురుగా పోయి, ఆగి, గుహ నోటితో అడుగుతుంది.

"ఎందుకు పిలిచావు?"

బావ ఖాళీ సీసా చూస్తాడు, నన్ను చూస్తాడు. నన్ను చూసే చూపులో నేను మోసం చేశానని ఉంది.

గుహ నోట్లోంచి ముత్యాలు తొంగిచూస్తుంది.

"మావయ్యా, అమ్మ పక్కన ఆ మనిషెవరు?"

"ఓడవాడమ్మా," అంటాను.

ఆ మాట ఓడదాకా పోతుంది. బావ కోటు గుండెమీది బొత్తం ఊడుతుంది. తర్వాత ఒక్కొక్కటీ ఊడి, ఎవరి ఈల వాళ్లదిగా మోగుతూ నీళ్లలో పడతాయి. కోటు తెరుచుకుంటుంది. లోపల బావ లేడు. మా దీవి మీది ఆఖరి నీడ పరిచి ఉంది, దానిమీద రెండు కుందేళ్లు తీరిగ్గా మేస్తున్నాయి.

సింగారమ్మ మూతి దారం మెల్లగా లాగుతుంది. సూదికి ఎక్కిస్తుంది. మాట్లాడుతుందేమోనని దీవీ నేనూ చూస్తాం. అది కోటు అంచులు దగ్గరికి తీసుకుని, కుందేళ్లు లోపల ఉండగానే, గొంతుదాకా కుట్టుకుంటూ వస్తుంది.