బామ్మర్ది నీళ్ళు

మామగారు వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఏ వస్తువూ పెట్టినచోట ఉండటం లేదు. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. చేతులు ఊరుకోవు. తిరుగుతున్న ఫ్యాను విప్పి మళ్ళీ బిగించారు. కోడలిని పని అడిగితే "మీకెందుకు మామయ్యా" అంటుంది. ఆయనకు ఆ మాటే గిట్టదు.

ఆదివారం పొద్దున ఆమె చేపల తొట్టి నీళ్ళు మార్చింది. తొట్టిలో ఉన్నది ఒక్క గోల్డ్ ఫిష్. పుట్టింటి నుంచి తెచ్చుకుంది. అందుకని భర్త దాన్ని బామ్మర్ది అంటాడు. గొట్టంతో సగం నీళ్ళు బకెట్లోకి లాగేసి, బాల్కనీలో నిలవ పెట్టిన బకెట్ తెచ్చి పోసింది. టీ పెట్టి మామగారిని పిలిచింది.

ఆయన గ్లాసు అందుకుంటూ అన్నారు. "బాల్కనీలో బకెట్ ఎన్నాళ్ళ నుంచి ఉందోనమ్మా, పైనంతా దుమ్ము. తెల్లారి లేచి ఆ నీళ్ళతో నేల కడిగేసి కొత్తవి పట్టి పెట్టాను."

"కుళాయివా?"

"మరి? బ్లీచింగ్ వాసన కూడా వస్తోంది. శుభ్రమైన నీళ్ళు."

వీధిలో పగిలిన పైపును నిన్ననే బాగు చేశారు. బాగు చేశాక నీళ్ళలో క్లోరిన్ ఎక్కువ కలుపుతారు. చేపకు పడని ఆ క్లోరిన్ పోవాలనే ఆమె నీళ్ళు పట్టి మూత లేకుండా ఉంచుతుంది. ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆమె పరుగున వెళ్ళేసరికి చేప పైకొచ్చి నోరు తెరుస్తోంది. మొప్పలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. క్లోరిన్ విరిచే మందు సీసా ఖాళీ. తొట్టిలోంచి తీసిన నీళ్ళ కోసం చూసింది. ఆ బకెట్ లేదు.

"మామయ్యా, మురికినీళ్ళు పారబోశారా?"

"బాత్రూంలో పెట్టాను. పొయ్యబోతుంటే టీకి పిలిచావు."

చేపను వలతో తీసి ఆ నీళ్ళలో వేసింది. గాలి పంపు గొట్టాన్ని బకెట్లో పెడితే పైకి తేలిపోతోంది.

"దీన్ని అడుక్కి పట్టుకోండి. నేను కొట్టుకెళ్ళి మందు తెస్తాను."

ఆయన నేల మీద కూర్చుని చెయ్యి నీళ్ళలో పెట్టారు. "చంపేశానా అమ్మా?"

"ఇంకా లేదు."

ఆమె వెళ్ళింది. చేప ఒక పక్కకు ఒరిగింది. ఆయన గొట్టాన్ని దాని దగ్గరికి జరిపారు. కొడుకు ఫోన్ చేశాడు.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"నీ బామ్మర్దికి ఊపిరి పోస్తున్నా. పెట్టెయ్."

ఆమె వచ్చేసరికి చేప ఒరగకుండా తిన్నగా ఈదుతోంది. మొప్పలు నెమ్మదించాయి. సీసా మూత తీసి తొట్టిలో చుక్కలు వేసింది.

"గండం గడిచినట్టే. చెయ్యి తీసెయ్యండి మామయ్యా, మొద్దుబారిపోతుంది."

ఆయన చెయ్యి మార్చుకున్నారు. గొట్టం మాత్రం కదలనివ్వలేదు.