లైటుహౌసుకి లావు తీగ

సైన్సు ఎగ్జిబిషన్ రోజు పొద్దున్నే నసీమా, అప్పాయమ్మ తాము అట్టతో చేసిన లైటుహౌసును తరగతి గది కిటికీ దగ్గర నిలబెట్టారు. ఇద్దరూ వన్‌టౌన్‌లోని ఆడపిల్లల బడిలో పదో తరగతి. గుమ్మంలో స్విచ్చి నొక్కితే గది ఆ చివర దీపం వెలగాలని నసీమా ముచ్చట. అందుకని మోటార్లకు చుట్టే సన్నని రాగితీగను గోడ పొడుగునా లాగి, చివర్ల మీది పూత బ్లేడుతో గీకి, గుమ్మం దగ్గర రెండు టార్చి సెల్లులకు కలిపింది.

స్విచ్చి నొక్కితే బల్బు లోపల కాస్త ఎర్రబడిందంతే.

"సెల్లులు అయిపోనాయే," అంది అప్పాయమ్మ.

"కొత్తవే కదే."

నసీమా బల్బును తెచ్చి సెల్లుల పక్కనే పెట్టి చూసింది. తెల్లగా వెలిగింది. తప్పు సెల్లులది కాదు, దారి పొడుగునా ఉన్న తీగది.

అప్పాయమ్మ ఊరుకోలేదు. ఇంటికి పోయి రేడియోలోని రెండు సెల్లులు పట్టుకొచ్చింది. నాలుగూ వరసగా పెడితే లైటుహౌసు చక్కగా వెలిగింది.

"సూసావా, వోల్టేజి పెంచితే సరి."

"సాయంత్రం వార్తలకి మీ నాన్న రేడియో పెడితేనో?"

అప్పాయమ్మ మొహం చిన్నబోయింది.

వోల్టేజి పెంచకూడదంటే తీగ నిరోధం తగ్గించాలి. తీగ పొడుగు తగ్గదు, లావు పెంచుకోవచ్చు. నసీమా మిగిలిన చుట్ట విప్పి, ప్రతి తీగకీ ఇంకో రెండు పోగులు జతచేసి చివర్లు గీకి కలిపింది. ఆత్రంగా స్విచ్చి నొక్కింది. బల్బు ఒక్కసారి తెల్లగా మెరిసి ఆరిపోయింది. రేడియో సెల్లులు తియ్యడం మరిచిపోయింది, నాలుగూ అలాగే ఉన్నాయి.

లోపలికొచ్చిన గౌరీశ్వరి టీచరుకి కళ్లనీళ్లతో నిలబడ్డ నసీమా కనిపించింది. జరిగిందంతా విని, "ఇందాకా నాలుగు సెల్లులకే మాడలేదు కదా, ఇప్పుడెందుకు మాడింది?" అని అడిగింది.

నసీమా ముక్కు ఎగబీల్చింది. "ఇందాకా సగానికి పైగా వోల్టేజి తీగే తినేసింది టీచర్. ఇప్పుడు తీగ వాటా తగ్గింది. మిగతాదంతా బల్బు మీద పడింది."

"ఇంత తెలిసాక ఏడుపెందుకే?"

"ఇంకో బల్బు లేదు టీచర్."

మధ్యాహ్నం నసీమా వాళ్ల నాయనమ్మ జమాలున్నీసా ఎగ్జిబిషన్ చూడ్డానికి వచ్చింది. వన్‌టౌన్ సందుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదని ఆవిడ టార్చిలైటు లేనిదే గడప దాటదు.

"దాదీ, నీ టార్చిలో బల్బు కావాలి."

"బల్బు ఇచ్చేస్తే నాను ఇంటికెలా ఎల్తానే?"

"ఇంకా మజ్జాన్నమే కదా."

జమాలున్నీసా నవ్వేసి టార్చి మూత తిప్పింది.

ఈసారి నసీమా రేడియో సెల్లులు తీసి అప్పాయమ్మ చేతిలో పెట్టాకే బల్బు బిగించింది. రెండు సెల్లులతోనే లైటుహౌసు వెలిగింది. మొదటి నొక్కు దాదీదే. నొక్కి, ఆర్పి, మళ్లీ నొక్కింది.

"దాదీ, ఎనకాల అందరూ నిలబడ్డారు," అంది నసీమా సంతోషం దాచుకోలేక.

"నిలబడనీ," అంటూ ఆవిడ ఇంకోసారి నొక్కింది.