గోడ బయటి గడ్డి

మహాలక్ష్మమ్మ సిమెంటు ఫ్యాక్టరీ గోడ బయట గొంతుక్కూర్చుని గడ్డి తీస్తోంది. ఎడమచేత్తో తుమ్మి మొక్కల్ని గుప్పెడు కూడగట్టి, కుడిచేత్తో మొదలుకు బెత్తెడు పైన పుటుక్కున తుంచుతుంది, అచ్చం మేక కొరికినట్టే. సిమెంటు దుమ్ము దులిపితే కింద ఆకు పచ్చగానే ఉంది.

జమ్మలమడుగు దగ్గరి ఆ ఫ్యాక్టరీలో పన్నెండేళ్లుగా ఆమెది ఇదే పని. పుట్టింటా అత్తింటా గొర్రెలే. మందలు అమ్ముకున్నాక నాలుగు మేకలు మిగిలాయి. రోజూ సాయంత్రం వాటికి చాలినంత మోపు ఇంటికి మోసుకెళ్తుంది. ఇవాళే ఆఖరి రోజు, అరవై నిండాయి. రేపటినుంచి మేకల్ని ఇక్కడికే తోలుకొస్తానన్నాడు భర్త పుల్లన్న.

తోటపని చూసే శ్రీవాణి వచ్చి నిలబడింది. ప్రొద్దుటూరు పిల్ల, చేరి ఆరు నెలలైంది.

"ఎన్నిసార్లు తీసినా వస్తానే ఉంది పెద్దమ్మా. రేపు మందు కొట్టిస్తాండా."

మహాలక్ష్మమ్మ చెయ్యి ఆగింది. "మందా? దానికేం రోగమొచ్చింది?"

"కలుపు గదా!"

"శెనిక్కాయ చేన్లో ఉంటే కలుపే. ఈడ యా పంటేసినావని కలుపంటాండావు పాపా?"

శ్రీవాణి నవ్వేసింది. "మరి మీరేమంటారు?"

"మేత. రేపట్నుంచి మా నాలుగు మేకలొస్తాయి. మందు తగిలింది తింటే సస్తాయి తల్లీ."

"పైవాళ్లకు గోడపక్కన గడ్డి కనపడగూడదు. నేనేం జేసేది?"

మధ్యాహ్నం మహాలక్ష్మమ్మ గోడ నీడన కూర్చుని రొట్టె తింది. ఎదురుగా కొండను తవ్వుతున్నారు. ఫ్యాక్టరీవాళ్లు దాన్ని సున్నపురాయి అంటారు. నాయన ఎండాకాలపు బీడు అనేవాడు. రెండూ అబద్ధం కావు. ఆ కొండే ఆమెకు చిన్నప్పుడు పాలూ పోసింది, ఇప్పుడు జీతమూ ఇచ్చింది. మేకల సంగతే మనసును కెలుకుతోంది.

సాయంత్రం ఫ్యాక్టరీ సైరన్ కూశాక, మహాలక్ష్మమ్మ కంపెనీ ఇచ్చిన సామాను తెచ్చి, శ్రీవాణి బల్ల మీద తిరిగి పెట్టేసింది. "మేకల మాట మర్సిపోగాకు పాపా. శానా సాధుజీవాలు" అని, మోపు ఎత్తుకుని మైలవరం పోయే ఆటో ఎక్కింది.

శ్రీవాణి సామాను సర్దబోయింది. టోపీ వెలిసిపోయింది. బూట్ల అడుగులు అరిగి పలచబడ్డాయి. వాటి కింద, కలుపును వేళ్లతో సహా పెళ్లగించడానికి ఇచ్చిన తొలిక. చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. గడ్డి ఎందుకు మళ్లీ మళ్లీ వస్తోందో అప్పుడర్థమై, ఒక్కతే పకపకా నవ్వింది.

మందు కొట్టే అతనికి ఫోను చేసింది. "రేపు రావద్దప్పా. గడ్డి తీసేదానికి వేరేవాళ్లు వస్తాండారు. నలుగురు."

బల్ల మీద తొలిక, అంచున మన్నంటని నీలం రంగుతో, పిడికి చుట్టిన ప్లాస్టిక్ కాగితంతో, కొత్తగానే ఉంది.