నిలబడిన బండిలో కదిలిన అంకె

గ్రీజు గుడ్డలు ఒక బకెట్లో, పాప గుడ్డలు ఇంకో బకెట్లో. రెండూ ఉతికేది నేనే అయినా, ఒకదాని నీళ్ళు ఇంకోదాంట్లో చింది పడకుండా చూసుకోవడానికే నాకు సగం ప్రాణం పోతుంది. "గుడ్డలుతకడానికి కూడా అంత భయమా అమ్మాయ్? మేం కనలేదా, పెంచలేదా?" అంటుంది అత్తయ్య గుమ్మంలో కూచుని. కనే ఉంటారు. నాకు మాత్రం భయమే. పాప నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. అందుకే ఈ ఇంట్లో నా పేరు కంగారు. "కంగారూ, ఆ చిన్న పానా ఇలా అందుకో" అని కేకేస్తారు మా ఆయన, ఇంటికి ఆనుకునే ఉన్న మెకానిక్ షెడ్డులోంచి.

అందిస్తాను. టార్చి పట్టుకుంటాను, ఫోన్లెత్తుతాను, ఆయన బానెట్ కింద ఉంటే నేను డ్రైవరు సీట్లో కూచుని యాక్సిలరేటర్ తొక్కుతాను. దీన్ని పని అని ఎవరూ అనరు. "మా ఆవిడ ఊరికే ఇంట్లోనే ఉంటుంది" అంటారాయన, వచ్చినవాళ్ళతో.

ఆ రోజు మా దగ్గరున్నది నర్సమ్మ బండి. ఇంజన్ లైటు వెలుగుతోందని ఇంతకుముందే తెచ్చింది. బయటి గాలి ఒత్తిడి కొలిచే సెన్సరు పోయిందని మా ఆయన కొత్తది వేశారు. వారం తిరక్కుండా లైటు మళ్ళీ వెలిగింది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుందట, ఆ సంగతి ఇంజన్‌కి చెప్పేది ఆ సెన్సరేనట. అది తప్పు చెబితే కొండ ఎక్కేటప్పుడు బండి నల్లపొగ కక్కి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. నర్సమ్మకి డ్యూటీ కొండమీది ఆసుపత్రిలో. వెనక సీట్లో రోజూ ఆమె కొడుకు.

పాపని ఒళ్ళో పెట్టుకుని, బండికి తగిలించిన స్కానర్ మీద ఆ సెన్సరు చూపే అంకె పైకి చదువుతున్నాను. ఒక్కసారిగా పడిపోయింది.

"ఏమండీ, అంకె పడిపోయింది."

"ఎంత?"

చెప్పబోయేలోపే మళ్ళీ లేచింది. "ఇప్పుడు బానే ఉంది."

"పాప కాలు తగిలుంటుంది."

"నిద్రపోతోందండీ."

"నీకు చదువెలాగూ నిలబడలేదు, అంకైనా నిలబడనీ!" అన్నారాయన. గుమ్మంలోంచి అత్తయ్య పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వడం కూడా నా పనుల్లో ఒకటి.

స్కానర్‌తో లైటు ఆర్పేసి, "సాయంత్రం ఇచ్చేద్దాం" అని ఆయన భోజనానికి లేచారు. తిని పడుకున్నారు. గిన్నెలు తోముతున్నానన్న మాటే గాని, నా చేతుల్లో గిన్నె ఉందో కంచం ఉందో నాకే తెలియదు. బండి కదలనప్పుడు బయటి గాలి మారదు కదా. గాలి మారనప్పుడు అంకె ఎందుకు మారాలి? సెన్సరేమో కొత్తది. మరి తప్పు దారిలో ఉందేమో, ఆ కబురు మోసే తీగలో? నాకేం తెలుసు, పది దాటనిదాన్ని, అనుకున్నాను. అనుకుంటూనే చెయ్యి తుడుచుకున్నాను. కొండదారిలో ఆగిన బండి, వెనకనించి వచ్చే లారీ, వెనక సీట్లో పిల్లాడు, ఒకదాని వెనక ఒకటి కళ్ళముందు కదులుతున్నాయి.

పాప ఉయ్యాల అత్తయ్య పక్కకి జరిపాను. "ఎక్కడికే?"

"గుడ్డలు ఆరేసొస్తా."

తాళం తిప్పి, స్కానర్ని ముందద్దానికి ఆనించి, బయటినించి కనిపించేలా పెట్టాను. బానెట్ ఎత్తి తీగల్ని ఒక్కోదాన్నే మెల్లగా కదిపాను, నిద్రపోయే పాప వేళ్ళు విడదీసినంత మెల్లగా. సెన్సరు దగ్గర వంపులో ఒక తీగ కదిపితే అంకె పడింది. వదిలితే లేచింది. మళ్ళీ కదిపాను. మళ్ళీ పడింది. టార్చి వేసి చూస్తే అక్కడ సన్నటి బెజ్జం, చుట్టూ పచ్చగా చిలుము.

ఆ బెజ్జం ఎలా పడిందో నాకు గుర్తుంది. మొదటిసారి పరీక్ష చేసినప్పుడు మీటరు మొన లోపలి రాగికి అందడం లేదని, పాప లంగోటీకి పెట్టే పిన్నీసు పట్టుకెళ్ళి తీగలో గుచ్చారాయన. ఆ తర్వాత నర్సమ్మ సంతోషిస్తుందని ఇంజన్‌ని నీళ్ళు కొట్టి కడిగారు. ఆ నీళ్ళే బెజ్జంలోకి దిగుంటాయి.

ఆయన లేచాక చూపించాను. తిట్టలేదు. తీగని మెల్లగా లాగి చూశారు. పైతొడుగు సాగింది, లోపల రాగి తెగేలా ఉందని ఆయనకీ తెలిసింది. తర్వాత టేపు అందుకున్నారు.

"అది మార్చాలి కదండీ?"

"ఆ తీగంతా విప్పాలంటే రేపు పొద్దెక్కుతుంది. ఆవిడ వచ్చేస్తోంది. మనమే పొడిచామంటే ఈ వీధిలో ఇంకో బండి మన గుమ్మం తొక్కుతుందా? నువ్వు నోరు మెదపకు."

నర్సమ్మ రానే వచ్చింది. లైటు వెలగడం లేదని చూసి మురిసిపోయింది. "అన్నయ్యా, మీ చెయ్యి మంచిది. రేపట్నించీ పొద్దుటి డ్యూటీ, పిల్లాణ్ణి వెంటేసుకుని చీకట్లోనే బయల్దేరాలి."

"నిశ్చింతగా వెళ్ళమ్మా" అన్నారు మా ఆయన, తాళంచెవి ఆమెకి అందించబోతూ.

"బండి ఇంకా కాలేదండీ."

ఆ గొంతు నాదేనని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఆయన నవ్వేశారు. "మా ఆవిడకి అన్నిటికీ కంగారేనమ్మా, పట్టించుకోకు."

నర్సమ్మ నవ్వలేదు. తాళం అందుకోకుండా నావైపు తిరిగింది. "ఏం కాలేదు, చెల్లెమ్మా?"

నేను పాపని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాను. "మెడ కింద చెయ్యి వెయ్యండి" అని చెప్పి, బానెట్ ఎత్తాను.