తొమ్మిది నెలల తర్వాతి క్యారేజీ

అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో పసిపిల్లల రాగిపిండి తయారుచేసే కంపెనీ ఒకటుంది. అందులో రాగిణి ఫుడ్ సైంటిస్టు. పేరు గొప్పేగానీ, పొద్దున్నుంచి పిండి వాసన చూడ్డం, నాలుక మీద వేసుకోవడం, ఉమ్మేసి నోరు పుక్కిలించడం, ఇదే ఉద్యోగం. ఇంట్లో కూరెలా ఉందని మొగుడడిగినా "ఉప్పు సరిపోయింది, నూనె పాతది" అంటుంది. ఏం చేస్తుంది, అలవాటు!

ప్యాకెట్టు మీద 'తొమ్మిది నెలలు నిల్వ' అని ఊరికే అచ్చువేస్తారా? మిగతా కంపెనీల్లో ప్యాకెట్లని వారాల తరబడి ఛాంబరనే వేడి బీరువాలో మగ్గబెట్టి లెక్కలు కడతారు. ఈ ల్యాబులో ఉన్న పాత ఛాంబరుకి అంత ఓపిక లేదు. పొద్దున పెట్టింది మధ్యాహ్నానికల్లా, తొమ్మిది నెలల తర్వాత ఎలా ఉంటుందో అలా బయటికొచ్చేస్తుంది. ఓసారి వాచ్‌మన్ కొత్త చెప్పులు పెడితే తెగిపోయి వచ్చాయి. ఆ సాయంత్రమే వాటిని పట్టుకెళ్ళి కొట్టువాడితో తగువేసుకున్నాడు. "తిండి పెట్టే చోట చెప్పులేందయ్యా!" అని మేనేజరు చెంగల్రాయుడు తిట్టాడు, అంతే.

ఆగస్టులో ఆ రోజు మాత్రం రాగిణి మనసు పిండి మీద లేదు. అత్తగారు సత్యభామ గుండెలో వాల్వు పాడైంది. మార్చకపోతే ఆర్నెల్లు దాటడం కష్టమని డాక్టరు తేల్చేశాడు. ఆవిడేమో ససేమిరా.

"ఛాతీ కోశాక మళ్ళీ లేస్తానని ఏమిటే నమ్మకం? ఉన్నన్నాళ్ళూ నీకు క్యారేజీ కడతా, పోయేనాడు పోతా" అంటుంది. తల్లి లేని రాగిణికి అమ్మైనా అత్తైనా ఆవిడే.

ల్యాబులో అడుగుపెట్టగానే ఆసుపత్రి నుంచి ఫోను. "సాయంత్రంలోగా చెప్పాలి మేడం, లేకపోతే ఈ డేటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం." సరే సరే అంటూ క్యారేజీని ఫ్రిజ్‌లో పెట్టింది. ఫ్రిజ్ అనుకుంది పాపం! పక్కపక్కనే రెండూ తెల్ల తలుపులే మరి.

భోజనాల వేళ ప్యాకెట్లు తీద్దామని చెంగల్రాయుడు ఛాంబరు తెరిచాడు. "అయ్యో, ఏమ్మా రాగిణీ! నీ క్యారేజీ ఈడ పెట్టినావే!"

రాగిణి పరుగెత్తుకొచ్చి క్యారేజీ అందుకుంది గానీ, మూత తియ్యడానికి చెయ్యి రాలేదు. డాక్టరు చెప్పిన గడువు ఆర్నెల్లు. ఇది తొమ్మిది నెలల తర్వాతి క్యారేజీ, లోపల ఉండేది ఆనాటి తిండి. లోపల తను వండుకున్న అన్నమే ఉంటే?

"తియ్ మా, పరవాల్దు" అన్నాడు చెంగల్రాయుడు. ఆసుపత్రి సంగతి ఆయనకీ తెలుసు.

తీసింది. గుప్పుమని కొత్తావకాయ వాసన. ఆగస్టులో కొత్తావకాయా! పెరుగన్నం మధ్య బొటనవేలితో నొక్కిన గుంట, ఆ గుంటలో ముక్క. గుంట ఎడమకి వంకర తిరిగి ఉంది. చిన్నప్పుడు తలుపు సందులో నలిగి వంకరపోయిన సత్యభామ వేలు తప్ప లోకంలో ఇంకే వేలూ అలా నొక్కదు. రాగిణి నవ్వబోయి, కోటుతో మొహం కప్పుకుని భోరుమంది.

చెంగల్రాయుడు ప్యాకెట్టు చింపి వాసన చూసి, "పిండి కూడా బాగుండాది. నువ్ ఇంటికి పో మా, ఆడ పని చూసుకో" అన్నాడు.

మెతుకు ముట్టకుండా క్యారేజీని ఒళ్ళో పెట్టుకుని రైల్లో పెరంబూరు చేరింది. సత్యభామ తలుపు తీసి, "ఏమే, తినలేదా?" అంది.

"పొరపాటున ఛాంబరులో పెట్టాను అత్తయ్యా."

ఛాంబరు సంగతి ఆవిడకి కొత్తేం కాదు. మూత తీసి చూసింది. ముక్క పైకి తీసి, తన బొటనవేలిని ఆ గుంటలో పెట్టింది. అతికినట్టు సరిపోయింది. వేలు తీసి, మళ్ళీ పెట్టి చూసింది. తర్వాత ముక్క కొరికి మొహం చిట్లించింది.

"ఉప్పెక్కువైందే! వాసన చూసే ఉద్యోగం చేస్తావు, కలిపేటప్పుడు నువ్వైనా చెప్పొద్దూ?"

"ఈసారి చెప్తాను అత్తయ్యా."

"చెప్పు. ముందు ఆ డాక్టరుకి ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పు."